గ్రహాంతర జీవం: దొరికింది సరే, మనది కాదని గ్యారంటీ ఏంటి?

2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో ఒక పొలంలోకి ఆకాశం నుంచి ఓ వింత వస్తువు దిగింది. చూడ్డానికి కిటికీలున్న పెద్ద డబ్బాలా ఉంది. చుట్టుపక్కల ఊళ్ల జనం గుమిగూడారు, ఫోన్లు బయటికి తీశారు, అది ఏ లోకం నుంచి వచ్చిందోనని చర్చ మొదలైంది. తీరా తేలిందేమిటంటే, అది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గరున్న టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రం నుంచి వచ్చింది. మనుషుల్ని ఆకాశంలో చాలా ఎత్తుకు టూర్ తీసుకెళ్లాలనుకుంటున్న ఒక స్పెయిన్ కంపెనీ తన క్యాప్సూల్‌ని హీలియం బెలూన్‌కి కట్టి, ఖాళీగా ఎగరేసి చూసుకుంది. పైకి వెళ్లింది, పారాచూట్‌తో కిందికి దిగింది. అంతే.

ఆ చుట్టుపక్కల జిల్లాలకి ఈ బెలూన్లు మరీ కొత్తేం కాదు. ఎగరేసే ముందు ఆ కేంద్రం వాళ్లు ప్రకటన ఇస్తారు: పరికరాలు మీ ఊళ్లో పడొచ్చు, ఎవరూ ముట్టుకోవద్దు, మాకు కబురు చెప్పండి అని. అయినా పొలంలో పడ్డప్పుడు ఆ ప్రకటన ఎవరికి గుర్తుంటుంది?

ఇది చదివి నవ్వుకుని వదిలేసే వార్తే. కానీ భూమి బయట జీవం కోసం శాస్త్రవేత్తలు 50 ఏళ్లుగా చేస్తున్న వెతుకులాట చాలావరకు ఇదే దారిలో నడిచింది. ఏదో దొరుకుతుంది. ప్రపంచమంతా గుమిగూడుతుంది. కొన్నాళ్లకి అది ‘ఈసీఐఎల్ నుంచే’ వచ్చిందని తేలుతుంది, లేదా అలా కాదని ఎవరూ రుజువు చేయలేకపోతారు. విశ్వంలో ఇంకెక్కడైనా జీవం ఉందా అన్న ప్రశ్నకి జవాబు ఇంకా రాకపోవడానికి పెద్ద కారణం టెలిస్కోపులు చాలకపోవడం అనుకుంటాం. కానీ ఆనవాళ్లు చాలానే దొరికాయి. వాటిని జీవం తప్ప ఇంకేదీ తయారుచేయలేదని తేల్చడం దగ్గరే బండి ఆగిపోతోంది.

నియాన్‌లో ముంచిన గొట్టాలు

అదే బెలూన్ కేంద్రం నుంచి 2005 ఏప్రిల్ 20న ఎగిరిన ఇంకో బెలూన్ కథ మనవాళ్లకి ఇంకా బాగా తెలియాల్సింది. అది ఇస్రో ప్రయోగం. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ దానికి పెద్ద దిక్కు. ఫ్రెడ్ హోయల్, చంద్ర విక్రమసింఘే అనే ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు అప్పటికే ఏళ్ల తరబడి ఒక వాదన చేస్తూ వచ్చారు. జీవం భూమ్మీద పుట్టలేదు, తోకచుక్కల దుమ్ముతో పాటు పైనుంచి వచ్చి పడింది, ఇప్పటికీ పడుతూనే ఉంది అని. నిజంగానే పడుతుంటే, కిందికి చేరకముందే పైన పట్టుకోవచ్చు కదా!

బెలూన్ కింద 459 కిలోల సామాను వేలాడదీశారు. అందులో 16 స్టీలు గొట్టాలు. లోపలి గాలంతా తీసేసి, ఒక్క క్రిమి కూడా లేకుండా శుద్ధి చేసి, 38 కిలోల ద్రవ నియాన్‌లో ముంచి పంపారు. అంత చలిలో ఉన్న గొట్టానికి మూత తెరిస్తే బయటి పలచటి గాలి లోపలికి వచ్చి గోడలకి గడ్డకట్టుకుపోతుంది. వేరే పంపు అక్కర్లేదు, చలే పంపు. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తు మధ్య ఒక్కో గొట్టం తెరుచుకుని, గాలి పట్టుకుని, మూసుకుంది. మనం ఎక్కే విమానాలు ఎగిరేది 10, 12 కిలోమీటర్ల ఎత్తులో.

గొట్టాలు దిగాక నమూనాలు రెండు జీవశాస్త్ర ల్యాబులకి వెళ్లాయి. ఒకటి హైదరాబాద్ సీసీఎంబీ, రెండోది పుణెలోని ఎన్‌సీసీఎస్. ఒకే చోట చేస్తే ఆ ల్యాబులో ఉన్న క్రిమే ప్లేటులో పెరిగిందేమోనన్న అనుమానం ఎప్పటికీ పోదు. అందుకని ఇద్దరూ విడివిడిగా చూశారు. మొత్తం 12 బ్యాక్టీరియా, 6 ఫంగస్ కాలనీలు పెరిగాయి. చాలావరకు భూమ్మీద అందరికీ తెలిసిన జాతులే. మూడు బ్యాక్టీరియాలు మాత్రం అప్పటిదాకా ఎవరూ చూడనివి. ఒకదానికి హోయల్ పేరు మీద జానీబ్యాక్టర్ హోయలై అని, ఇంకోదానికి ఇస్రో పేరు మీద బాసిల్లస్ ఇస్రోనెన్సిస్ అని, మూడోదానికి బాసిల్లస్ ఆర్యభట్టై అని పేర్లు పెట్టారు. మూడూ తమ దగ్గరి చుట్టాల కంటే అతినీలలోహిత కిరణాల్ని బాగా తట్టుకున్నాయి. ఓజోన్ గొడుగు పెద్దగా అడ్డం లేని ఆ ఎత్తులో బతకాలంటే ఆ మాత్రం మొండితనం ఉండాల్సిందే.

2009 మార్చిలో ఇస్రో ఈ సంగతి బయటపెట్టినప్పుడు ఎంత హడావుడి జరగొచ్చో ఊహించుకోండి. ఇస్రో మాత్రం ఆచితూచి రాసింది. ఇవి భూమి బయటి నుంచే వచ్చాయని ఈ అధ్యయనం తేల్చడం లేదు, కాకపోతే వెతుకులాట కొనసాగించడానికి ఉత్సాహం ఇస్తోంది అని.

అలా ఆచితూచి రాయడమే మంచిదైంది. ఆర్యభట్టై తర్వాత నేల మీద కూడా కనిపించింది. సోయాబీన్ వేళ్ల చుట్టూ ఉండే మట్టిలో దొరికింది. బ్రెజిల్‌లో ఒక కాక్టస్ మొక్క వేళ్ల దగ్గర దొరికిన రకాన్ని మొక్కజొన్నకి కరువు తట్టుకునే శక్తి ఇవ్వడానికి పొలాల్లో వాడుతున్నారు. 41 కిలోమీటర్ల దాకా గొట్టాలు పంపి పట్టుకొచ్చిన జీవి, చేలో కాళ్ల కింద ఉంది! కొత్త జాతి అంటే మనకి కొత్త అని మాత్రమే. చెంచాడు మట్టిలో మనం ఇంకా పేరు పెట్టని జాతులు లెక్కలేనన్ని ఉంటాయి. కాబట్టి అవి పైనుంచి దిగాయనడం కంటే కింది నుంచి ఎక్కాయనుకోవడమే సులువు. అంత పైకి ఎలా ఎక్కాయన్నది మళ్లీ ఇంకో చిక్కు ప్రశ్న.

ఆ ప్రయోగం వృథా అనడం లేదు. రెండు ల్యాబులకి పంచడం, గొట్టాల్ని అంత పకడ్బందీగా శుద్ధి చేయడం చూస్తే ఈ పనిలో అసలు కష్టం ఎక్కడుందో అర్థమవుతుంది.

ఒక్క మెతుకు లెక్క

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. మన పాలపుంతలోనే 10,000 కోట్ల నుంచి 40,000 కోట్ల నక్షత్రాలు ఉన్నాయట. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు ఇప్పటికే 6,000 దాటి దొరికాయి. ఇంత పెద్ద విశ్వంలో మనమొక్కళ్లమే ఉంటామా, ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి కదా?

వినడానికి బాగుంటుంది గానీ ఈ లెక్కలో ఒక చిల్లు ఉంది. గ్రహాల సంఖ్య మనకి దాదాపుగా తెలుసు. అనుకూలమైన గ్రహం ఒకటి ఉంటే దాని మీద జీవం పుట్టే అవకాశం ఎంత అన్నది అసలు తెలియదు. అది పదిలో ఒకటి కావచ్చు, లక్ష కోట్ల కోట్లలో ఒకటి కావచ్చు. రెండోదే నిజమైతే 40,000 కోట్ల నక్షత్రాలు కూడా చాలవు. ఎంత పెద్ద అంకెనైనా తెలియని అంకెతో గుణిస్తే వచ్చేది తెలియని అంకే.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. మన దగ్గర భూమి అనే మెతుకు ఉంది కదా, అది ఉడికింది కదా అనిపిస్తుంది. కానీ ఆ సామెత పనిచేసేది మెతుకులన్నీ ఒకే గిన్నెలో, ఒకే మంట మీద ఉన్నప్పుడు. మిగతా గ్రహాల కింద పొయ్యి వెలిగిందో లేదో మనకి తెలియదు. పైగా ఇక్కడ ఇంకో తిరకాసు. మెతుకుని మనం పట్టి చూడటం లేదు, ఉడికిన మెతుకే ఆ ప్రశ్న అడుగుతోంది. ఉడకని మెతుకు అడగలేదు కాబట్టి, అడిగిన ప్రతి మెతుకూ తాను ఉడికే ఉంటుంది. మిగతా గిన్నెల గురించి దాన్నిబట్టి ఏమీ చెప్పలేం.

ఒక్క చిన్న ఆశ మాత్రం ఉంది. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. పడమటి ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో దాదాపు 350 కోట్ల ఏళ్ల నాటి జీవం ఆనవాళ్లు ఉన్నాయి. నేల చల్లబడిన తర్వాత పెద్దగా ఆలస్యం కాలేదన్నమాట. కాబట్టి జీవం పుట్టడం మరీ అంత కష్టమైన పని కాకపోవచ్చు. కానీ జంతువులు రావడానికి ఇంకో 290 కోట్ల ఏళ్లు పట్టింది. కాబట్టి వేరే చోట జీవం అంటే పచ్చరంగు మనుషుల్ని ఊహించుకోవడం మానేసి, నాచునో పాచినో ఊహించుకోవడం మేలు.

అంగారకుడి మీద చిటికెడు మట్టి

1976లో నాసా పంపిన రెండు వైకింగ్ నౌకలు అంగారకుడి మీద దిగాయి. మొదటిది జులై 20న, రెండోది సెప్టెంబరు 3న. జీవాన్ని నేరుగా పట్టుకోవడానికి వేరే గ్రహం మీద చేసిన మొదటి ప్రయోగాలు అవి. వాటిలో గిల్బర్ట్ లెవిన్ అనే ఇంజినీరు రూపొందించిన పరీక్ష ఒకటి చాలా తేలికగా అర్థమవుతుంది. చిటికెడు మట్టి తీసుకో. దాని మీద పోషకాలున్న ద్రవం ఒక చుక్క వెయ్యి. ఆ పోషకాల్లో ముందే రేడియోధార్మిక కార్బన్ కలిపి ఉంచు. మట్టిలో ఏదైనా జీవి ఉంటే ఆ తిండి తిని, గాలి వదులుతుంది. వదిలిన గాలిలో ఆ కార్బన్ కనిపిస్తుంది.

కనిపించింది. చుక్క పడగానే గాలి బుసబుసా వచ్చింది. అదే మట్టిని ముందు 160 డిగ్రీల దాకా వేడి చేసి మళ్లీ చుక్క వేస్తే ఏమీ రాలేదు. వేడికి క్రిములు చచ్చిపోయాయనుకుంటే సరిగ్గా ఇలాగే ఉండాలి. లెవిన్ లెక్కలో పరీక్ష పాసైనట్టే.

అయితే అదే నౌకలో ఉన్న ఇంకో పరికరం మట్టిని కాల్చి, అందులో కర్బన పదార్థాలు ఉన్నాయా అని వాసన చూసింది. ఏమీ దొరకలేదు. కర్బనమే లేనిచోట జీవి ఎక్కడి నుంచి వస్తుంది? పైగా లెవిన్ ప్రయోగంలో రెండోసారి తిండి పెడితే గాలి పెరగలేదు. నిజంగా ఆకలితో ఉన్న జీవులైతే రెండో ముద్దకి ఇంకా ఎగబడాలి. దాంతో ఎక్కువమంది, ఇది మట్టిలోని ఏదో ఘాటైన రసాయనం చేసిన పని అని ఫైలు మూసేశారు. లెవిన్ ఒప్పుకోలేదు. 2021లో చనిపోయేదాకా తాను జీవాన్ని కనుక్కున్నాననే అన్నాడు.

అసలు మలుపు 32 ఏళ్ల తర్వాత వచ్చింది. 2008లో అంగారకుడి మీద దిగిన ఫీనిక్స్ నౌక అక్కడి మట్టిలో పెర్‌క్లోరేట్ అనే లవణాన్ని కనిపెట్టింది. ఇది మామూలుగా చప్పగా పడుంటుంది. వేడి చేస్తే మాత్రం చుట్టూ ఉన్న కర్బనాన్ని కాల్చి పారేస్తుంది. అంటే 1976లో కర్బనం కోసం వెతికిన పరికరం, వెతికే పద్ధతితోనే దాన్ని తగలబెట్టేసి ఉండొచ్చు. ఇంకో విచిత్రం, అప్పట్లో ఆ పరికరానికి క్లోరిన్ కలిసిన కర్బన పదార్థాలు కొద్దిగా దొరికాయి. భూమ్మీద నౌకని తుడవడానికి వాడిన ద్రావకాల మరకలు అయ్యుంటాయని వాటిని పక్కన పెట్టేశారు. కర్బనం పెర్‌క్లోరేట్‌తో కలిసి కాలితే వచ్చేవి సరిగ్గా అలాంటి పదార్థాలే. మనదేనని తోసేసిన ఆ మరక అంగారకుడిదే అయ్యుండొచ్చు! తర్వాత క్యూరియాసిటీ రోవర్ అక్కడి రాళ్లలో కర్బన పదార్థాలు ఉన్నాయని చూపించింది కూడా. కర్బనం ఉన్నంత మాత్రాన జీవం ఉన్నట్టు కాదు, అది వేరే మాట.

నాకు ఈ మొత్తం గొడవలో నచ్చే కథ ఇదే. అనుమానించడం మంచిదే, కానీ అనుమానం కూడా తప్పు దారి పట్టొచ్చు.

అంటార్కిటికాలో 1984లో దొరికిన ఏఎల్‌హెచ్84001 అనే ఉల్క సంగతి చాలామందికి తెలుసు. రెండు కిలోలైనా నిండని ఆ రాయి అంగారకుడి నుంచి ఎగిరిపడింది. అందులో బ్యాక్టీరియా శిలాజాల్లాంటి నలుసులున్నాయని 1996 ఆగస్టులో ప్రకటిస్తే, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ స్వయంగా వచ్చి మాట్లాడాడు. చూపించిన ప్రతి ఆధారానికీ జీవంతో పనిలేని వివరణ ఒకటి తర్వాత దొరికింది. ఇప్పుడు దాన్ని గట్టిగా సమర్థించేవాళ్లు తక్కువ.

వేంపల్లె రాళ్లు, గ్రీన్‌లాండ్ రాళ్లు

కడప జిల్లా వేంపల్లె చుట్టుపక్కల డోలమైట్ రాళ్లలో ఒక రకం చారలు కనిపిస్తాయి. దోసెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు సన్నటి పొరలు, మధ్యలో ఉబ్బెత్తుగా గుమ్మటాల్లా పైకి లేచి ఉంటాయి. భూగర్భ శాస్త్రవేత్తలు వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట అక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. అడుగున పాచిలా పరుచుకున్న సూక్ష్మజీవుల మీద మడ్డి పేరుకుంటే, అవి వెలుతురు కోసం దాని మీదికి పాకేవి. మళ్లీ మడ్డి, మళ్లీ పాచి. ఆ జీవులు పోయాయి, అవి పరిచిన పొరలు మిగిలాయి. ఊళ్లో వాళ్లు రోజూ నడిచే బండల్లో ఇంత కథ ఉంది.

ఇలాంటి పొరలే అంగారకుడి మీద కనిపిస్తే చాలు కదా అనిపిస్తుంది. అయితే 2016లో గ్రీన్‌లాండ్‌లో 370 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో స్ట్రోమటోలైట్లు దొరికాయని ఒక బృందం ప్రకటించింది. అంటే భూమ్మీద అన్నింటికన్నా పాత జీవం ఆనవాళ్లన్నమాట. 2018లో ఎబిగెయిల్ ఆల్‌వుడ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బృందం అదే చోటికి వెళ్లి, రాయిని ఇంకో వైపు నుంచి చూసి, ఇవి గుమ్మటాలు కావు, భూమి పొరలు నలిగి మడతపడటం వల్ల వచ్చిన గట్లు అంది. గొడవ ఇంకా పూర్తిగా తెగలేదు.

మన భూమ్మీది రాయి. చేతిలో సుత్తి ఉంది, ముక్క కొట్టి ల్యాబుకి తెచ్చుకోవచ్చు, అనుమానం వస్తే మళ్లీ వెళ్లి చూడొచ్చు. అయినా జీవమా కాదా అన్నది తేలడం లేదు. ఇది గుర్తుపెట్టుకుని మిగతా వార్తలు చదివితే టెన్షన్ కాస్త తగ్గుతుంది.

ఉదాహరణకి పర్సివరెన్స్ రోవర్ 2024 జులైలో అంగారకుడి జెజెరో బిలం దగ్గర, ఒకప్పుడు నది పారిన లోయలో ఒక రాయి చూసింది. దానికి చెయావా ఫాల్స్ అని పేరు పెట్టారు. రాయి మీద చిరుతపులి మచ్చల్లాంటి మచ్చలున్నాయి, లోపల లేతరంగు, చుట్టూ నల్లటి అంచు. ఆ మచ్చల్లో వివియనైట్, గ్రైగైట్ అనే ఇనుప ఖనిజాల ఆనవాళ్లు ఉన్నాయి. మన దగ్గర బురదలో సూక్ష్మజీవులు కర్బనాన్ని తింటూ ఇనుముతో, గంధకంతో పని చేసినప్పుడు ఈ ఖనిజాలు తయారవుతుంటాయి. 2025 సెప్టెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన దీన్ని జీవపు ఆనవాలు అయ్యే అవకాశమున్నది అని మాత్రమే పిలిచింది. జీవం లేకుండా కూడా ఇవి తయారవుతాయి, కాకపోతే మామూలుగా వేడి కావాలి, ఆ రాయి అంత వేడి చూసిన గుర్తులు లేవు. నా మట్టుకు నాకు, ఇప్పటిదాకా దొరికిన వాటిలో అన్నింటికన్నా గట్టిది ఇదే అనిపిస్తుంది.

రోవర్ ఆ రాయిలోంచి తీసిన ముక్క ఒక గొట్టంలో భద్రంగా ఉంది. దాన్ని భూమికి తేవాలి, అదీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. తెచ్చే ప్రాజెక్టుకి 1,100 కోట్ల డాలర్లు కావొచ్చని, 2040 దాకా పట్టొచ్చని నాసా 2024లో చెప్పుకుంది. ఆ తర్వాత అది ఊగిసలాటలో పడింది. ఇక్కడ ఒక చిన్న వివరం చూడండి. రోవర్ మోసుకెళ్లిన 43 గొట్టాల్లో 5 గొట్టాలు రాళ్ల కోసం కాదు. రోవర్ తనతో పాటు భూమి నుంచి మోసుకెళ్లిన మురికి ఏమిటో పట్టుకోవడానికి వాటిని తెరిచి మూస్తారు. వాటిని సాక్షి గొట్టాలంటారు. రేపు రాయి ముక్కలో ఏదైనా కనిపిస్తే, అది సాక్షి గొట్టంలోనూ ఉందా అన్నదే మొదట అడిగే ప్రశ్న.

124 కాంతి సంవత్సరాల దూరంలో క్యాబేజీ వాసన

2025 ఏప్రిల్‌లో మన చానళ్లన్నీ మోగిపోయిన వార్త కే2-18బి. సింహరాశి దిక్కున, 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గ్రహం. భూమికి 2.6 రెట్లు వెడల్పు, 8.6 రెట్లు బరువు. ఒక చిన్న ఎర్ర నక్షత్రం చుట్టూ 33 రోజులకోసారి తిరుగుతుంది. బీహెచ్‌యూలో ఇంజినీరింగ్ చదివి, ఎంఐటీలో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న నిక్కు మధుసూదన్ బృందం ఆ గ్రహం గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ లేదా దానికి దగ్గరి చుట్టం ఉన్నట్టు సంకేతాలు దొరికాయంది.

ఈ డైమిథైల్ సల్ఫైడ్ మీ ముక్కుకి తెలుసు. క్యాబేజీ ఉడుకుతుంటే వంటింట్లోంచి వచ్చే వాసనలో అది ఉంటుంది. సముద్రపు ఒడ్డున నిలబడితే వచ్చే వాసనలోనూ ఉంటుంది. విశాఖ బీచ్‌లో మీరు పీల్చేది కొంతవరకు సముద్రపు నాచు వదిలిన ఈ వాయువే. భూమ్మీద దీన్ని ఎక్కువగా తయారుచేసేది అలాంటి జీవులే కాబట్టి, వేరే గ్రహం మీద కనిపిస్తే గుండె ఝల్లుమంటుంది మరి.

అంత దూరం నుంచి వాసన ఎలా పట్టారు? గ్రహం తన నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు ఆ వెలుతురు వెయ్యిలో మూడు వంతులు తగ్గుతుంది. ఆ కాస్త తగ్గుదలలోనూ అతి కొద్ది భాగం గ్రహం అంచున ఉన్న గాలిలోంచి వడకట్టుకుని వస్తుంది. ఒక్కో వాయువు ఒక్కో రంగు వెలుతురుని మింగుతుంది. ఏ రంగు ఎంత తగ్గిందో కొలిస్తే ఆ గాలిలో ఏముందో ఊహించొచ్చు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ కొలిచింది ఇదే. మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయని 2023లోనే ప్రకటించారు, మీథేన్ మీద పెద్ద తగాదా లేదు. అంతకుముందు 2019లో హబుల్ టెలిస్కోప్‌తో నీటి ఆవిరి దొరికిందన్నారు. అది నిజానికి మీథేన్ సంతకమని తర్వాత తెలిసింది. ఒక వాయువుని చూసి ఇంకో వాయువు అనుకోవడం ఎంత తేలికో దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇక ఆ 99.7 శాతం సంగతి. చాలా చోట్ల ‘జీవం ఉండే అవకాశం 99.7 శాతం’ అని రాశారు. శుద్ధ తప్పు. కొలతల్లో సహజంగా ఉండే గోల వల్లే ఇలాంటి సంకేతం కనిపించే అవకాశం 0.3 శాతం అని మాత్రమే దానర్థం. భౌతిక శాస్త్రంలో కొత్త విషయం కనుక్కున్నాం అనాలంటే ఆ అవకాశం 0.00006 శాతానికి తగ్గాలి. ఆ సంకేతం డైమిథైల్ సల్ఫైడ్‌దేనా, అది జీవం నుంచే వచ్చిందా అన్నవి మళ్లీ విడి ప్రశ్నలు.

వేరే బృందాలు అదే డేటా తీసుకుని తమ పద్ధతిలో లెక్కలు వేశాయి. అసలు సంకేతమే లేదు, గ్రాఫులో గీత చదునుగా ఉన్నా సరిపోతుందని ఒకరన్నారు. ప్రొపైన్ లాంటి ఇంకేవో వాయువులు పెట్టినా అంతే బాగా కుదురుతోందని మధుసూదన్ దగ్గర చదువుకున్న శిష్యులే చూపించారు. మరోవైపు, 67పి అనే తోకచుక్క మీద డైమిథైల్ సల్ఫైడ్ దొరికింది. తోకచుక్క మీద నాచు ఉండదు కదా! ల్యాబులో జీవం ఊసే లేకుండా దీన్ని తయారుచేసి కూడా చూపించారు. అయినా మధుసూదన్ బృందాన్ని వెక్కిరించిన వాళ్లని చూస్తే నాకు చిరాకేసింది. తమ మాట తప్పయ్యే అవకాశం ఉందని, ఇంకా కొలవాలని వాళ్లే మొదట చెప్పారు. శీర్షికలు రాసినవాళ్లు ఆ వాక్యం దాకా చదవలేదు.

2020లో శుక్రుడి మేఘాల్లో ఫాస్ఫీన్ (మన దగ్గర సూక్ష్మజీవుల నుంచి కూడా వచ్చే వాయువు) దొరికిందన్నప్పుడు కూడా ఇదే వరస. మొదట వంద కోట్లలో 20 వంతులన్నారు, తర్వాత వాళ్లే దాన్ని బాగా తగ్గించారు, అది సల్ఫర్ డయాక్సైడ్ అని ఇంకొందరన్నారు.

గ్రహాంతరవాసుల రేడియో సంకేతాల కథలోనూ ‘ఈసీఐఎల్’ ఉంది. ఆస్ట్రేలియాలో పార్క్స్ రేడియో టెలిస్కోప్‌కి 1998 నుంచి అప్పుడప్పుడు వింత సంకేతాలు వచ్చేవి. పెరిటాన్లు అని పేరు కూడా పెట్టారు. అవి ఆ ప్రాంగణంలోని మైక్రోవేవ్ ఓవెన్ల నుంచి వస్తున్నాయని 2015లో తేలింది. టైమర్ అయిపోకుండానే ఆత్రంగా తలుపు తీసినప్పుడల్లా టెలిస్కోప్ ఉలిక్కిపడేది. ఎవరి అన్నం చల్లారిందో పాపం.

మూత తీయకుండానే బయటికొచ్చే నీళ్లు

ఎక్కడ పందెం కాయమంటే నేను శని గ్రహం దగ్గర కాస్తాను. దాని చందమామల్లో ఎన్‌సెలాడస్ అనేది 500 కిలోమీటర్ల వెడల్పున్న మంచు గోళం. రోడ్డు మీద హైదరాబాద్ నుంచి తిరుపతి అంత దూరం కూడా ఉండదు. మంచు కింద సముద్రం ఉంది. దక్షిణ ధ్రువం దగ్గర మంచు పగుళ్లలోంచి ఆ సముద్రపు నీళ్లు అంతరిక్షంలోకి చిమ్ముతున్నాయని కాసిని నౌక 2005లో చూసింది. తవ్వాల్సిన పని లేదు, దిగాల్సిన పని లేదు, ఆ తుంపర్ల మధ్యలోంచి ఎగిరితే చాలు. కాసిని అలాగే చాలాసార్లు ఎగిరింది. ఉప్పు, కర్బన పదార్థాలు దొరికాయి. సముద్రపు అడుగున వేడి నీటి బుగ్గలున్నాయనడానికి గుర్తుగా హైడ్రోజన్ దొరికింది. మన డీఎన్ఏకి తప్పనిసరైన ఫాస్ఫరస్ కూడా ఆ నీళ్లలో ఉందని 2023లో తేలింది. జీవం ఉందో లేదో చెప్పగల పరికరం మాత్రం కాసినిలో లేదు. అది బయల్దేరిన 1997లో, చూడాల్సింది అక్కడ ఉందని ఎవరికీ తెలియదు.

2017లో కాసిని ఇంధనం చివరికొచ్చింది. వదిలేస్తే శని చుట్టూ తిరుగుతూ ఎప్పుడో ఒకప్పుడు ఎన్‌సెలాడస్ మీద పడొచ్చు. ఎంత శుభ్రం చేసినా భూమి నుంచి వెళ్లిన నౌక మీద నాలుగు మొండి బ్యాక్టీరియాలు బతికే ఉండొచ్చు. అవి ఆ సముద్రంలో పడితే ఇక అంతే సంగతులు. ఏ క్రిమి ఎవరిదో ఎవరూ తేల్చలేరు. అందుకని 2017 సెప్టెంబరు 15న కాసినిని కావాలనే శని వాతావరణంలోకి తోసి కాల్చేశారు. బృహస్పతి చందమామ యూరోపా వైపు 2024 అక్టోబరులో బయల్దేరిన క్లిప్పర్ నౌక 2030 ఏప్రిల్‌లో అక్కడికి చేరుతుంది. పనంతా అయ్యాక దాన్ని పక్కనున్న గానిమీడ్ మీద పడేయాలన్నది ఆలోచన. యూరోపా సముద్రంలో రేపు ఎవరికైనా ఒక క్రిమి దొరికితే, అది క్లిప్పర్ నుంచి జారిపడిందేమోనని తల బాదుకోనక్కర్లేకుండా.